మూగవోయిన హారను

మోటారు బండికి చక్రములు పాదములనియు, దీపములు నేత్రములనియు చెప్పినచో హారను దాని కంఠమని చెప్పవలెను. పాదమున ముల్లు గ్రుచ్చుకొన్నచో వెంటనే కూర్చుండి తీసికొందుము. కంఠము బొంగురుపోయినచో మాత్రము, నాలుగు దినములు మాటలాడకున్న నేమి యని యూరకుందుము. కారు విషయమునను లోకమిట్లే ప్రవర్తించుచున్నది. బ్రేకు చెడినచో బండిని కదల్చుటకు వెఱచువారు, హారను చెడినచో "నెమ్మదిగా పోవుదము లెండు" అని బయలుదేరుదురు. నెమ్మదిగా పోవుట మంచిదే. కాని మలుపున కావల నున్నవానికి మన నెమ్మది కనబడదు. మన రాక వినబడవలెను.

సోదరీమణులారా! హారను మూగవోయినపుడు దోష మెచ్చట నున్నదో ఇంటియొద్దనే వెదకి కనుగొనవచ్చును. కనుగొనిన పిమ్మటనే డబ్బు వెచ్చింపవలెను. ఈ రెండు మాటలు చెప్పుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము. ఇది కండబలముతో చేయు పని గాదు. సగము చూచుట, సగము ఆలోచించుట.

మా సంసారమున నీ చిన్న వస్తువున కెంత ప్రాధాన్యమున్నదో ముందుగా చెప్పెదను. మావారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. మూడేండ్ల క్రిందట మా అత్తగారికి మూత్రపిండములు చెడినవి. నాటినుండి సోమవారమును, గురువారమును పట్టణమునకు పోయి డయాలిసిస్ చేయించుకొని రావలెను. రక్తములో నిలిచిన మలినములను, శరీరములోని మిగులు నీటిని యంత్రముచే తీసివేయు చికిత్స యది. ఒక వాయిదా తప్పినచో కాళ్లు ఉబ్బును, ఆయాసము కలుగును, ప్రాణమునకే అపాయము రావచ్చును. చికిత్సానంతరమున ఆమె బస్సు కుదుపుల నోర్వలేరు. కావున ఒకరు వాడి విడిచిన చిన్న కారు నొకదానిని కొంటిమి. పాఠశాల వేళలును ఆస్పత్రి వేళలును ఒక్కటే యగుటచే బండి నడుపుట నేను నేర్చుకొంటిని.

మాది కోనసీమ. పెద్ద రోడ్డు చేరువఱకు కాలువగట్టు మీదనే పోవలెను. ఒకవైపు కాలువ, ఒకవైపు కొబ్బరితోటలు. ప్రతి మలుపునకు తోటకంచె అడ్డము. ఎదుట వచ్చునది సైకిలెక్కిన పిల్లవాడో, కొబ్బరికాయల లారీయో మలుపు తిరిగినగాని తెలియదు. దాళ్వా వరికోతలైన పిమ్మట సగము రోడ్డున ధాన్యము ఆరబోయుదురు. మిగిలిన సగముననే రాకపోకలన్నియు జరుగవలెను. ఇట్టి త్రోవలో హారను లేని బండి నడుపుట చీకటిలో దీపము లేక నడచుట వంటిది. భేదమేమనగా, ఇచ్చట దెబ్బ తగులువాడు మనము గాక ఎదుటివాడు కావచ్చును.

గడచిన వేసవిలో మావారు పదవ తరగతి జవాబుపత్రములు దిద్దుటకు జిల్లా కేంద్రమునకు పోయియుండిరి. ఒక శుక్రవారము ఉదయమున మా కారు హారను బొంగురుపోయెను. సాయంకాలమున కెంత నొక్కినను ఉలుకు పలుకు లేదు. మఱునాడు తెల్లవారినంతనే, రోడ్డు నిర్జనముగా నుండగా, బండిని నడకవేగమున సమీపముననున్న యొక మరమ్మతుశాలకు తీసికొనిపోయితిని. అచ్చటి మేస్త్రీ మీటను రెండు మారులు నొక్కిచూచి, "స్టీరింగులో చుట్ట తెగిపోయిందమ్మా. సామాను విజయవాడనుంచి రావాలి. ఆరువేల ఐదువందలవుతుంది. మంగళవారానికి ఇస్తాను" అని చెప్పెను. బానెట్టు తెఱువలేదు.

ఆతనిని నిందించుట నా యుద్దేశము గాదు. దినమునకు పది బండ్లు చూచువానికి, నిన్న చూచిన రోగమే నేడును ముందు తోచుట సహజము. కాని మంగళవారమునకు ముందు సోమవారమున్నది. ఆ సొమ్ము మా యింట రెండు నెలల మందుల ఖర్చు. ఆలోచించి చెప్పెదనని, బండిని వచ్చిన రీతిగనే ఇంటికి చేర్చితిని.

నేను పెద్ద బడులలో చదివినదానను గాను. మా నాన్నగారు ఇంటియొద్దనే అమరము, కావ్యములు చెప్పి, తరువాత అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చెప్పిరి. ధూమమున్నచోట అగ్ని యుండుననుటకు ఆ శాస్త్రమున చూపు దృష్టాంతము వంటయిల్లు. అగ్ని లేనిచోట ధూమము లేదనుటకు చూపు దృష్టాంతము నీటిమడుగు. మొదటిది అన్వయము, రెండవది వ్యతిరేకము. ఈ రెండు విధములను సరిచూచుకొన్నగాని నిశ్చయము పనికిరాదని మా నాన్నగారు పలుమారులు చెప్పెడివారు. ఇంత శాస్త్రమునకు మొదటి సాక్షి మన వంటయిల్లే యగుటచే, ఆడువారికి తర్కముతో నేమి పని యను మాటకు నేనెన్నడును విలువ నిచ్చినదానను గాను. మేస్త్రీ మాటలో కార్యము కనబడినది గాని హేతువు కనబడలేదు. ధ్వని రాకుండుటకు స్టీరింగు చుట్ట తెగుట ఒక కారణము కావచ్చును. అదియొక్కటే కారణమని యెట్లు చెప్పవచ్చును?

వెదకుటకు ముందు, వెదకబడు వస్తువు స్వభావము తెలియవలెను. హారను లోపల పలుచని ఉక్కురేకు ఒకటి యుండును. దాని వెనుక తీగ చుట్టిన విద్యుదయస్కాంత ముండును. విద్యుత్తు ప్రవహింపగానే అయస్కాంతము రేకును లోపలికి లాగును. ఆ లాగుటచేతనే, మేస్త్రీలు పాయింట్లని పిలుచు రెండు లోహపు బొడిపెలు విడిపోయి విద్యుత్తు ఆగిపోవును. రేకు తన బిగువుచే వెనుకకు వచ్చును. పాయింట్లు మరల కలియును. అయస్కాంతము మరల లాగును. ఇట్లు సెకనునకు సుమారు 400 మారులు జరుగును. తంబురా తీగ కంపించినట్లు ఆ రేకు కంపించుటయే మనము వినెడి ధ్వని.

తొలినాటి మోటారు బండ్లకు రబ్బరు బంతి నొక్కిన మ్రోగు ఇత్తడి బూర యుండెడిది. 1908 ప్రాంతమున అమెరికాలో మిల్లర్ రీస్ హచిసన్ అను నాతడు కల్పించిన క్లాక్సన్ అను విద్యుత్ హారను అమ్మకమునకు వచ్చినది. అంతకు పూర్వమే చెవిటివారి కొఱకు విద్యుత్తుతో పనిచేయు శ్రవణయంత్రమును నిర్మించినవాడును ఆతడే. ఒకే మనుజుడు వినలేనివారికి వినికిడి నిచ్చి, వినుట కిష్టము లేనివారి చెవులను గూడ తట్టు సాధనమును చేసిపోయినాడు.

ఇక విద్యుత్తు నడచు త్రోవ. మిద్దెమీది తొట్టినుండి నీరు గొట్టములో దిగి, కుళాయి దాటి, కాలువలో కలిసినట్లే, విద్యుత్తు బ్యాటరీలో బయలుదేరి, ఫ్యూజు దాటి, రిలే దాటి, హారనులో ప్రవేశించి, ఎర్తు తీగ ద్వారా బండి లోహశరీరమును చేరి, దానిగుండ బ్యాటరీకి తిరిగివచ్చును. హారనునకు నాలుగైదు ఆంపియర్ల విద్యుత్తు కావలెను. అంత విద్యుత్తును మన వ్రేలి క్రింది మీటదాక తేకుండ, కొద్దిపాటి విద్యుత్తుతో పెద్ద ప్రవాహమును తెఱచుచు మూయుచు నుండు ద్వారపాలకుడే రిలే. స్టీరింగు గుండ్రముగా తిరుగును గనుక, మీటనుండి వచ్చు తీగ తెగకుండ గడియారపు స్ప్రింగువలె చుట్టిన పట్టీలో నడచును. మేస్త్రీ చెప్పిన చుట్ట యిదియే.

త్రోవ తెలిసినది గనుక చివరినుండి గాక మొదటినుండి, కష్టమైనదానినుండి గాక సులభమైనదానినుండి పరీక్షింప నిశ్చయించితిని. మీట నొక్కుటకు వేఱొకరు కావలెను. పిల్లలు వారి మేనమామ యింటికి పోయిరి. మా అత్తగారు వరండాలో కూర్చుండి నన్నే చూచుచున్నారు. "అత్తయ్యగారూ, ఒక్క సాయం చేస్తారా? నేను ‘ఊ’ అన్నప్పుడు హారను నొక్కండి, ‘చాలు’ అంటే వదిలేయండి" అని యడిగితిని. ఆమె మెల్లగా లేచివచ్చి, ఎన్నడును కూర్చుండని నడుపువారి స్థానమున కూర్చుండిరి. బండి న్యూట్రలులో నున్నది, చేతిబ్రేకు వేసియున్నది, ఇంజను నడచుట లేదు, తాళము మాత్రము త్రిప్పియుంచితిని.

మొదటిది ఫ్యూజు. బానెట్టు క్రింద నల్లని పెట్టె యొకటి యుండును. దాని మూత లోపలివైపున ఏ ఫ్యూజు దేనికో పటము ముద్రించియుండును. తాళము తీసివేసి, హారను ఫ్యూజును చిన్న పటకారుతో పైకి లాగి వెలుతురునకు పట్టి చూచితిని. లోపలి సన్నని లోహపు వంతెన తెగలేదు. ఫ్యూజు తలపై దాని శక్తి యంకెలలో నుండును. 10 ఆంపియర్లది ఎఱుపు, 15 ఆంపియర్లది నీలము. తెగిన ఫ్యూజునకు బదులు అదే యంకె గలదానినే పెట్టవలెను. పెద్ద యంకె గలదానిని గాని, తీగముక్కను గాని పెట్టుట ఇంటికి నిప్పు పెట్టుకొనుట వంటిది. క్రొత్తది కూడ వెంటనే తెగినచో ఎచ్చటనో తీగ యొరసికొనుచున్నదని తెలిసి, అంతటితో ఆగి మేస్త్రీని పిలువవలెను.

రెండవది రిలే. ఫ్యూజును యథాస్థానమున నుంచి, తాళము మరల త్రిప్పి, రిలేపై వ్రేలుంచి ‘ఊ’ అంటిని. అత్తగారు నొక్కిరి. నా వ్రేలి క్రింద రిలే ‘టిక్కు’ మన్నది. ‘చాలు’ అంటిని, మరల ‘టిక్కు’ మన్నది. సోదరీమణులారా! ఆ చిన్న శబ్దము విలువ మా యింట ఆఱువేల యైదువందల రూపాయలు. ఏలయనగా, మీట పనిచేసి, చుట్టలోని తీగ తెగక యున్ననే రిలేకు ఆజ్ఞ చేరును. ఆజ్ఞ చేరినది గనుక చుట్ట నిర్దోషి. చుట్ట నిజముగ తెగినచో, దానిలోనే నడచు ఎయిర్‌బ్యాగు తీగయు తెగి, ఎదుటి పలకపై ఎఱ్ఱని హెచ్చరిక దీపము వెలుగుట తఱచు. మా కారులో అట్టి దీపమును వెలుగుట లేదు.

ఆజ్ఞ వినియు ద్వారపాలకుడు తలుపు తెఱువకుండవచ్చును. లోపలి పాయింట్లు కాలియుండవచ్చును. అదే పెట్టెలో తలదీపములకు అదే సంఖ్య గల రిలే యొకటి యున్నది. రెంటిని ఒకదానిచోట నొకటి మార్చితిని. హారను రిలేతో తలదీపములు చక్కగా వెలిగినవి. దీపముల రిలేతో హారను పలుకలేదు. అన్వయ వ్యతిరేకములు రెండును సరిపోయినవి. రిలేయు నిర్దోషి. దేనిని దానిచోట మరల పెట్టితిని.

మూడవది హారను చెంతకు వచ్చు తీగలు. మా కారులో హారను ముందరి జాలీ వెనుక, రేడియేటరు ప్రక్కన నున్నది. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే అచ్చట చేయి పెట్టవలెను. ఇంజను ఆగియున్నను ఫ్యాను తనంతట తాను తిరుగవచ్చును. హారనుకు తగిలించిన రెండు తీగల జోడును మెల్లగా ఊడదీసితిని. పాత ఇండికేటరు బల్బునకు రెండు తీగలు కట్టి ముందే పరీక్షాదీప మొకటి చేసియుంచుకొంటిని. ఆ రెండు తీగలను జోడులోని రెండు కొనలకు తాకించి ‘ఊ’ అంటిని. దీపము వెలిగినది గాని, చమురు తగ్గిన ప్రమిదవలె మినుకుమినుకు మన్నది. అప్పుడు దీపపు ఒక కొనను విద్యుత్తు వచ్చు తీగయందే యుంచి, రెండవ కొనను బ్యాటరీ రుణధ్రువమునకు తాకించితిని. ఈ మారు పండువెన్నెలవలె వెలిగినది.

దీని అర్థము స్పష్టము. విద్యుత్తు చక్కగా వచ్చుచున్నది; తిరిగిపోవు త్రోవ పూడిపోయినది. ఎర్తు తీగను చేతితో పట్టుకొని పోగా, అది బండి శరీరమునకు ఒక చిన్న బోల్టుతో బిగింపబడిన చోటు దొరకినది. అచ్చట పచ్చని చిలుము, ఎఱ్ఱని తుప్పు కలిసి పేరుకొనియున్నవి. సముద్రపు గాలి వీచు మా సీమలో తలుపుల బందులే తుప్పు పట్టుచుండగా, వాన నీరు చిందు చోట నున్న యీ బోల్టునకు పట్టుట యేమి వింత? తాళము తీసి, బ్యాటరీ రుణధ్రువపు తీగ నూడదీసి, 10వ నెంబరు స్పానరుతో బోల్టు విప్పి, తీగ కొనను, బండి లోహమును ఉప్పుకాగితముతో మెఱయునంతవఱకు రుద్ది, మరల బిగించితిని. బ్యాటరీ తీగ తగిలించి చూడగా దీపము రెండు కొనల నడుమను కాంతిమంతముగా వెలిగినది.

హారనుకు జోడు తగిలించి ‘ఊ’ అంటిని. ‘గుర్ర్’ మని యొక మూలుగు వచ్చెను. మా అత్తగారు పకపక నవ్వి, "అమ్మాయీ, దీనికి నా గొంతు వచ్చిందే!" అనిరి. ఆమె అట్లు నవ్వుట చూచి చాల నెలలైనది.

త్రోవ బాగుపడినను కంఠము బాగుపడలేదు. ఇక మిగిలినది హారనే. అయినను అనుమానమును ప్రత్యక్షముతో సరిచూచుకొనవలెను గదా! హారనును విప్పి, బయట బల్లపై పెట్టి, రెండు మందపు తీగలతో బ్యాటరీకి నేరుగా, రెండు క్షణములు మాత్రము కలిపితిని. ఫ్యూజు లేదు, రిలే లేదు, ఎర్తు బోల్టు లేదు. అయినను అదే మూలుగు. కొన్ని హారనుల వెనుక పాయింట్లను సవరించు చిన్న స్క్రూ యుండును. మా దానికున్నది. దానిని పావుచుట్టు చొప్పున మెల్లగా త్రిప్పి చూచితిని. ఒక్క మారు స్వరము తేరినది, మరుక్షణమే పోయినది. జాలీవైపు రంధ్రమునుండి తుప్పునీరు రెండు చుక్కలు రాలినది. లోపల తేమ చేరి పాయింట్లును రేకును చెడినవి. ఇప్పుడు మాత్రమే క్రొత్తది కొనుట న్యాయము.

ఆ మధ్యాహ్నమే పాత హారనును సంచిలో పెట్టుకొని బస్సెక్కి పట్టణమునకు పోయితిని. కొట్టులోని యాతడు, "మేస్త్రీని పంపించకపోయారా అమ్మా?" అనెను. "మేస్త్రీని నేనేనండీ" అని పాతదానిని బల్లపై నుంచితిని. కొనునప్పుడు చూడవలసినవి నాలుగు. అది 12 వోల్టులదై యుండవలెను. తీగలు తగిలించు కొనలు పాతదానికున్నన్ని యుండవలెను. అది తీసికొను ఆంపియర్లు మన ఫ్యూజు శక్తిలోపల నుండవలెను. బిగించు పట్టీ పాత రంధ్రమునకు సరిపోవలెను. పెద్ద ధ్వని చేయు బస్సుల హారనులను, రాగములు మార్చు హారనులను చిన్న కారునకు బిగింపరాదు. వేర్వేరు స్వరములు వరుసగా పలుకు హారనులను మోటారు వాహనముల నియమములే నిషేధించుచున్నవి. నేను కొన్నదానికి మూడువందల ఎనుబది రూపాయలైనది.

బిగించుటలోను మెలకువలున్నవి. ముందుగా బ్యాటరీ రుణధ్రువపు తీగ నూడదీయవలెను. హారను నోరు క్రిందివైపునకు వంగియుండునట్లు పెట్టవలెను. అట్లయిన నీరు నిలువదు. దానిని మోయు ఉక్కుపట్టీ తప్ప మఱేదియు హారనుకు తగులరాదు. తగిలినచో కంపము చెడి, స్వరము అపస్వరమగును. తీగల కొనలకును, ఎర్తు బోల్టునకును బిగించిన పిమ్మట కొంచెము వ్యాసలైను పూయవలెను. తేమ అంటకుండ అది కాపాడును. ఇదంతయు అరగంట పని. చివర బ్యాటరీ తీగ తగిలించి ‘ఊ’ అంటిని. గోడమీది కాకులన్నియు లేచిపోయినవి.

ఆ రాత్రి ఫోనులో మావారు సంగతి యంతయు విని, "ప్రతిజ్ఞ మేస్త్రీది, హేతువు నీది, నిగమనము హారనుది" అని నవ్విరి. కాని నాకు మనస్సున నాటినది మా అత్తగారి మాట. నిద్రకు పోవుచు ఆమె, "మూడేళ్లనుంచి మీ అందరిచేతా చేయించుకోవడమే గాని, నా చేత ఒక పని అయిందని ఈవేళ అనిపించిందమ్మా" అనిరి. దీర్ఘవ్యాధితో నున్నవారికి మనము ఔషధ మిత్తుము, పథ్య మిత్తుము, విశ్రాంతి నిత్తుము. పని యిచ్చుట తోచదు. ఒక మీట నొక్కు పనియైనను, అది లేనిదే పని జరుగదని తెలిసినప్పుడు మనుష్యుడు ఇంటివాడగును. లేనిచో అతిథిగనే మిగులును. నాటినుండి నెలకొకసారి దీపములు, ఇండికేటర్లు, హారను పరీక్షించునప్పుడు లోపల కూర్చుండు అధికారము ఆమెదే.

సోమవారము సూర్యోదయమునకే బయలుదేరితిమి. మూడవ మలుపున, కంచె కావలినుండి వచ్చుచున్న కుఱ్ఱవాడొకడు మా హారను విని సైకిలును ప్రక్కకు తీసి నిలిచి, మేము దాటునప్పుడు చేయెత్తినాడు. అంతకన్న విశేషమేమియు జరుగలేదు. జరుగకుండుటయే హారనువలన ఫలము.

అయితే కంఠము బాగున్నదని నిరంతరము అఱచువారిని లోకము మెచ్చదు. ఆస్పత్రుల చుట్టును, విద్యాలయముల చుట్టును, న్యాయస్థానముల చుట్టును 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలముగ ప్రకటించుటకు 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములలో ఏర్పాటు కలదు. అట్టి మండలములలో హారను మ్రోగింపరాదు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు జనావాసములలోను మ్రోగింపరాదు. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినపుడు, అవసరము లేక హారను మ్రోగించినవానికి మొదటిసారి 1000 రూపాయలు, పిమ్మట 2000 రూపాయలు జరిమానా నిర్ణయించిరి. డయాలిసిస్ చేయించుకొనువారి ప్రక్కన గంటలకొలది కూర్చుండినవారికి ఈ నియమపు విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు. కిటికీ క్రింద నెవడో త్రోవ కొఱకు మీటపై చేయి తీయక నొక్కుచుండగా, మంచముపై నున్నవారు ఉలికిపడుట నేను చూచియున్నాను. భారతమున శ్రీకృష్ణుని పాంచజన్యమునకును, పాండవుల శంఖములకును పేరులున్నవి. కాని ఆ శంఖములను దారి పొడుగున ఊదుచు పోయినవారు లేరు.

తుదకు ఒక హెచ్చరిక. రిలే ‘టిక్కు’ మనక, ఫ్యూజు బాగుగనే యుండి, రిలే మార్చినను ఫలము లేనిచో దోషము మీటయందో చుట్టయందో యుండవచ్చును. అప్పుడు స్టీరింగును ఇంట విప్పరాదు. దాని నడుమ ఎయిర్‌బ్యాగు ఉండును. తెలియక కదల్చినచో అది పేలి ముఖమునకు, చేతులకు తీవ్రమైన గాయము చేయగలదు. అది పనివాని పనియే. అప్పుడు ఆతడడిగిన సొమ్ము న్యాయమైనదే కావచ్చును. మా మేస్త్రీకిని ఈ సంగతి యంతయు స్నేహముగనే చెప్పితిని. ఆతడు శ్రద్ధగా విని, ఎర్తు బోల్టు ఏ ప్రక్కన నున్నదని యడిగి తెలిసికొనెను.

ఇంటిలో నొక వస్తువు చెడినప్పుడు, క్రొత్తది ఎంత యని యడుగుటకు ముందు, చెడినది ఏది యని యడుగుడు. దీపమును పట్టుకొని త్రోవవెంట నడువుడు. వెలిగినచోట సంశయము విడువుడు, వెలుగనిచోట నిలువుడు. ఒకరు లోపల కూర్చుండి మీట నొక్కవలెను గనుక, ఇంటనున్న పెద్దవారి నొకరిని తప్పక పిలువుడు.